ఉచితం పుణ్యమా అని ఇద్దరే మిగిలారు

యూపీఐ లావాదేవీల్లో ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020 నవంబర్‌లో రూలు పెట్టింది. 2021 జనవరి నుంచి అమలు అన్నారు. అప్పటికే దాటేసినవాళ్ళు తగ్గించుకోవడానికి రెండేళ్ళు గడువిచ్చారు. అది 2022 డిసెంబర్‌తో అయిపోవస్తుంటే ఇంకో రెండేళ్ళు పొడిగించారు. 2024 డిసెంబర్ 31న, సరిగ్గా గడువు తీరే రోజున, మరో రెండేళ్ళు. ఇప్పుడు అందరూ 2026 డిసెంబర్ 31 వైపు చూస్తున్నారు. చూస్తున్నారని అన్నానే గానీ, నాకు తెలిసినంతలో ఎవరూ చూడటం లేదు. ఇంకో సర్క్యులర్ వస్తుందిలే అన్న ధీమాలో ఉన్నారు.

రూలు పెట్టిన రోజుల్లో ఫోన్‌పే, గూగుల్ పే చెరో 40 శాతం దగ్గర ఉండేవి. 2025లో ఫోన్‌పే 45 శాతానికి కాస్త పైన, గూగుల్ పే 35 శాతానికి కాస్త అటూ ఇటూ తిరిగాయి. అప్పుడూ ఇద్దరికీ కలిపి ఎనభై, ఇప్పుడూ ఎనభై. ఈలోగా యూపీఐ లావాదేవీలు నెలకి 200 కోట్ల నుంచి పెరిగి 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటాయి. వ్యాపారం పది రెట్లు పెరిగినా అదే ఇద్దరు, ఇంచుమించు అదే వాటా. తగ్గాలి అని ఐదేళ్ళుగా కాగితం మీద రాసుకున్న ఫలితం ఇదీ.

ఈ సంగతి ఆఫీసులో భోజనాల దగ్గర ఎత్తితే పక్కనున్న కొలీగ్ టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "అయితే ఏంటండీ? మీ జేబులోంచి రూపాయి పోయిందా?" అన్నాడు. పోలేదు. "ఒక్క పైసా కమీషన్ తీసుకోకుండా పొద్దున పాల ప్యాకెట్ నుంచి రాత్రి ఆటో దాకా మీ పని చేసిపెడుతుంటే వాళ్ళ మీద ఏడుపు దేనికి?" అని కూడా అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు.

తరవాత ఆలోచిస్తే జవాబు అతని ప్రశ్నలోనే ఉందనిపించింది. రూపాయి పోకపోవడమే ఇక్కడ అసలు సంగతి. యూపీఐలో ఇద్దరే మిగలడానికి వాళ్ళ తెలివి, వాళ్ళ వెనకున్న డబ్బు ఎంత కారణమో, మనం పట్టుబట్టి తెచ్చుకున్న ఉచితం కూడా అంత కారణం. నన్నడిగితే ఇంకాస్త ఎక్కువే. ఈ మాట పెద్ద కంపెనీలని తిట్టేవాళ్ళకి నచ్చదు, ఉచితాన్ని ముట్టుకోవద్దనేవాళ్ళకీ నచ్చదు. నాకే పూర్తిగా మింగుడు పడటం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అడ్డు లేకపోయినా

పెద్ద టెక్ కంపెనీల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా చెప్పుకునేది అడ్డంకుల గురించి. యాప్ స్టోర్ ఒక్కటే, అందులో అమ్ముకోవాలంటే 15 శాతమో 30 శాతమో కట్టాలి. వాట్సాప్ మానేద్దామంటే చుట్టపక్కాలంతా అక్కడే ఉన్నారు. బయటికి పోయే దారి లేకుండా చేశారన్నది ఫిర్యాదు. అందుకు మందు కూడా అందరికీ తెలిసిందే: దారి తెరవండి, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మాట వెళ్ళేలా చేయండి, పోటీ దానంతటదే వస్తుంది.

యూపీఐలో ఆ దారి మొదటి రోజు నుంచీ తెరిచే ఉంది. ఏ యాప్ నుంచి ఏ క్యూఆర్ కోడ్‌కైనా డబ్బు వెళ్తుంది. నా బ్యాంకు ఖాతా ఏ యాప్‌దీ కాదు. ఈ సాయంత్రం యాప్ మార్చుకుంటే రేపు పొద్దున కూరగాయల బండి దగ్గర ఎవరికీ తేడా తెలియదు. ఇంత బాహాటంగా తెరిచిన వ్యవస్థ ప్రపంచంలో చాలా తక్కువ. పుస్తకాల్లో చెప్పిన ప్రకారం ఇక్కడ ఇరవై యాప్‌లు హోరాహోరీగా ఉండాలి. ఎన్‌పీసీఐ సొంత యాప్ భీమ్‌ని 2016 డిసెంబర్‌లో ప్రధానమంత్రి స్వయంగా విడుదల చేశారు. అది ఏళ్ళ తరబడి 1 శాతం లోపే ఉండిపోయింది. బ్యాంకుల యాప్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనలో ఎంతమంది జీతం పడిందో లేదో చూసుకోవడానికి తప్ప వాటిని తెరుస్తున్నాం?

మరి అడ్డు ఎక్కడుంది? నాకది మా కాలనీ చివర టిఫిన్ సెంటర్‌లో కనిపించింది.

భార్యాభర్తలిద్దరే నడుపుతారు. అతను పెనం దగ్గర, ఆవిడ ప్లేట్ల దగ్గర. గల్లాపెట్టె దగ్గర కూర్చోడానికి మూడో మనిషి లేడు. ఆ మూడో మనిషి పని సౌండ్ బాక్స్ చేస్తుంది. అతను వెనక్కి తిరిగి చూడడు. దోశ అంచులు లేపుతూ చెవి మాత్రం అటు వేసి ఉంచుతాడు. పెట్టె "డెబ్భై రూపాయలు" అనగానే, ఆవిడ వైపు తల ఊపుతాడు, ప్లేటు ముందుకు జరుగుతుంది. పెట్టె పలకకపోతే కస్టమర్ ఫోన్ తెర మొహం మీద పెట్టి చూపించినా ప్లేటు కదలదు. "పెట్టె చెప్పనీయండి సార్" అంటాడు. దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి తినిపోయినవాళ్ళు ఉన్నారట. పిండి చేతులతో ఫోన్ తీసి మెసేజ్ చూసుకోవడం అయ్యే పని కాదు.

అద్దె తక్కువకి ఇంకో కంపెనీ పెట్టె దొరుకుతుంది కదా, మార్చొచ్చుగా అన్నాను. అంతకుముందు వేరేది ఉండేదట. తీసుకుపొమ్మని తిరిగిచ్చాక కూడా కొన్ని నెలలు అద్దె కట్ అవుతూనే ఉందట, ఎవరిని అడగాలో తెలియక వదిలేశాడట. ఇప్పుడున్న పెట్టెవాళ్ళు లోను కూడా ఇచ్చారు. గ్రైండర్ కొన్నాడు. రోజూ వచ్చే డబ్బుల్లోంచి కొంత వాళ్ళే తీసేసుకుంటారు. "అది తీరేదాకా దీన్ని కదపలేను సార్. తీరేలోపు మళ్ళీ ఇస్తామంటారు."

నాకు పట్టుబడిన సంగతి ఇదే. యూపీఐ తెరిచి ఉంది నాకు, కొనేవాడికి. అమ్మేవాడికి అంత తెరిచి లేదు. క్యూఆర్ ఎవరిదైనా ఒకటే, కానీ పెట్టె అలా కాదు. అతని రోజువారీ రాబడి ఎంతో తెలిసినవాడు ఒక్కడే, అందుకే తాకట్టు లేకుండా లోను ఇచ్చేవాడూ ఆ ఒక్కడే. ప్రభుత్వం రోడ్డు వేసి అందరినీ నడవమంది. రోడ్డు పక్క కొట్టు పెట్టుకున్నవాడి లెక్కల పుస్తకం మాత్రం ఒక కంపెనీ దగ్గర ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పెట్టె పెట్టడానికి ఎండలో బైకు మీద తిరిగిన కుర్రాళ్ళు బ్యాంకువాళ్ళు కారు. మండల కేంద్రాల్లో, సంతల్లో, గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టుకి కూడా స్టిక్కర్ అంటించినవాళ్ళు ఈ కంపెనీల మనుషులే. తెలుగులో పలికే పెట్టె తెచ్చిందీ వాళ్ళే. బ్యాంకులు అప్పుడు ఏం చేస్తున్నాయంటే, సిమ్ మార్చిన ప్రతిసారీ మనల్ని బ్రాంచికి రమ్మంటున్నాయి. కాబట్టి వాటా ఊరికే రాలేదు. కష్టపడి తెచ్చుకున్నారు. నా అభ్యంతరం ఆ కష్టం మీద కాదు, అలా కష్టపడటానికి ఎవరికి స్తోమత ఉందన్నదాని మీద.

కూలి లేని పని

కార్డు గీకినప్పుడు దుకాణదారు నుంచి బ్యాంకులు కొంత కమీషన్ తీసుకుంటాయి. ఎండీఆర్ అంటారు. 2020 జనవరి నుంచి యూపీఐకి దాన్ని సున్నా చేశారు. మంచి ఉద్దేశంతోనే చేశారు, దాని వల్లే ఇడ్లీ బండి దాకా యూపీఐ వచ్చింది కూడా. అందుకు బదులుగా ప్రభుత్వం ఏటా ప్రోత్సాహకం ఇస్తోంది. 2024-25కి 1,500 కోట్లు కేటాయించారు, చిన్న దుకాణాల్లో 2,000 రూపాయల లోపు చెల్లింపులకి 0.15 శాతం లెక్కన. అందులో బ్యాంకులకి పోగా యాప్‌లకి మిగిలేది ఏమంత కాదు. యూపీఐ ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే కదా అని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా కూడా 2025లో అన్నారు. అంతకు కొద్ది వారాల ముందే, ఎండీఆర్ వేస్తారన్న వార్తలు నిరాధారమని ఆర్థిక శాఖ ఖండించింది. ఒకరు ఖర్చు ఉందంటారు, ఇంకొకరు వసూలు లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కూలి లేని పని ఎవరు చేస్తారు? పనికి కూలి అక్కర్లేనివాడు. గూగుల్‌కి అక్కర్లేదు. ఫోన్‌పే వెనక వాల్‌మార్ట్ ఉంది, ఏళ్ళ తరబడి నష్టం భరించగలిగింది. డబ్బు పంపే పని ఒక్కటే శ్రద్ధగా, చక్కగా చేసుకుందాం అనుకునే చిన్న కంపెనీకి మాత్రం ఇక్కడ బతుకు లేదు. పదేళ్ళు కాదు, మూడేళ్ళు కూడా లేదు.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో అలాంటి ఒక చిన్న కంపెనీలో పనిచేశాడు. పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళ కోసం యాప్ చేశారు: పెద్ద అక్షరాలు, తెర మీద నాలుగే బటన్లు, పంపేముందు "మీ మనవడికి ఐదు వందలు పంపుతున్నారు, అవునా?" అని తెలుగులో అడిగే గొంతు. మా అమ్మ వాడి చూసి, ఇది నాకు పెట్టరా అంది. పెట్టుబడి కోసం వెళ్ళిన ప్రతిచోటా వాళ్ళకి ఎదురైన ప్రశ్న ఒక్కటేనట: "పేమెంట్ సరే, దీని మీద ఏం అమ్ముతారు?" అమ్మేదేమీ లేదంటే మీటింగ్ అయిపోయినట్టే. చివరికి వాళ్ళూ ఒక లోను కంపెనీతో ఒప్పందం చేసుకుని అయిదో బటన్ పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది, మూసేశారు. వాడిప్పుడు ఒక బ్యాంకులో ఉన్నాడు, జీతం బాగుంది, ఆ యాప్ గురించి అడిగితే మాట మారుస్తాడు.

ఇక్కడ నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ ఒకటుంది. నవి, సూపర్ డాట్ మనీ లాంటి కొత్త యాప్‌లు ఈ మధ్యే వచ్చి చకచకా పైకెక్కాయి. అయిదు పెద్ద యాప్‌ల లిస్టులో చేరాయి. ఉచితమే కొత్తవాళ్ళని తరిమేస్తోందంటే ఇవెలా వచ్చాయి? ఎలా వచ్చాయో చూస్తే తెలుస్తుంది. నవి ఫ్లిప్‌కార్ట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన సచిన్ బన్సల్‌ది, దాని అసలు వ్యాపారం అప్పులివ్వడం. సూపర్ డాట్ మనీ ఫ్లిప్‌కార్ట్‌ది. రెండూ క్యాష్‌బ్యాక్ కుమ్మరించుకుంటూ వచ్చాయి. అంటే కొత్తవాడు రాకూడదని ఏమీ లేదు, రావచ్చు. మన చేత అప్పు చేయించగలిగితే రావచ్చు, లేదా వెనకాల పెద్ద దుకాణం ఉంటే రావచ్చు. సున్నా ధర అందరికీ సమానంగా సున్నా అనిపిస్తుంది గానీ, అది ఫలానా రకం వ్యాపారాన్ని మాత్రమే లోపలికి రానిస్తోంది.

మా నాన్నగారి ఫోన్‌లో ఒక యాప్ తెరిస్తే డబ్బు పంపే బటన్ కంటే ముందు పచ్చటి పట్టీలో "మీకోసం 5 లక్షల లోను సిద్ధం" అని వస్తుంది. ఆయన రిటైరై చాలాకాలమైంది. "ఒరేయ్, నేను అడక్కుండానే వీళ్ళకి నా మీద ఇంత ప్రేమ ఎందుకు?" అని అడిగారు. పింఛను ఏ రోజు పడుతుందో, ఎంత మిగులుతుందో వాళ్ళకి ఒక అంచనా ఉంటుంది నాన్నా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి బ్యాంకు మేనేజర్ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదే" అన్నారు.

జేబులోంచి రూపాయి పోలేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదని గుర్తుచేయాలి. మొబైల్ రీచార్జ్ మీద ఫోన్‌పే 2021లోనే రూపాయీ రెండు రూపాయలూ వసూలు మొదలుపెట్టింది. 2023లో గూగుల్ పే కూడా అదే దారి పట్టింది. తక్కువే, మనం పట్టించుకోలేదు. నేనైతే చాలా రోజులు అది టెలికం కంపెనీ టాక్స్ అనుకున్నాను. నిజంగా పోటీ ఉన్న చోట ఒకడు రూపాయి వేస్తే రెండోవాడు "మా దగ్గర లేదు" అని పెద్ద బోర్డు పెడతాడు. ఇక్కడ రెండోవాడు కాస్త ఆగి, తనూ వేశాడు. ఇద్దరి వాటాలకీ ఏమీ కాలేదు.

ఒకచోట దొర, ఒకచోట ఫిర్యాదీ

గూగుల్ కథలో ఇంకో మలుపు ఉంది. మన ఫోన్లో ఆండ్రాయిడ్ వాళ్ళదే, యాప్ స్టోర్ వాళ్ళదే, డబ్బు కట్టే యాప్ కూడా వాళ్ళదే. ప్లే స్టోర్‌లో యూపీఐతో ఏదైనా కొంటే గూగుల్ పే అయితే నేరుగా తెరుచుకునేది, పిన్ కొట్టేస్తే పని అయిపోయేది. వేరే యాప్ అయితే యూపీఐ ఐడీ టైపు చేసి, బయటికి వచ్చి, ఆ యాప్‌లో రిక్వెస్ట్ వచ్చిందో లేదో వెతుక్కుని, ఒప్పుకుని మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చేది. చూడటానికి రెండు మూడు అడుగుల తేడా. అలవాట్లు పడేది ఆ రెండు అడుగుల దగ్గరే.

దీని మీద, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్ 2020 నవంబర్‌లో విచారణకి ఆదేశించింది. 30 శాతం రూలు వచ్చింది కూడా ఆ నెలలోనే. 2022 అక్టోబర్‌లో, ప్లే స్టోర్ బిల్లింగ్ మొత్తం కేసులో ఇదీ ఒక తప్పు కింద తేల్చి, 936.44 కోట్లు జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకి తగ్గించింది. జరిమానా ఎంత ఉండాలన్న చర్చలోకి నేను వెళ్ళను. ఈ నాలుగైదేళ్ళలో యూపీఐలో ఎవరి స్థానం ఏదో తేలిపోయింది, అంతే చెప్పదలచుకున్నాను.

తమాషా ఏమిటంటే, ప్లే స్టోర్ పెత్తనానికి పోటీగా 2024 ఫిబ్రవరిలో ఇండస్ అని సొంత యాప్ స్టోర్ తెచ్చింది ఫోన్‌పేనే. కమీషన్ విషయంలో డెవలపర్లకి స్వేచ్ఛ ఉండాలని, నచ్చిన పేమెంట్ గేట్‌వే వాడుకోవచ్చని ప్రచారం చేసింది. ఆ మాటలన్నీ నాకు సబబుగానే అనిపించాయి. వాటిని యూపీఐకి కూడా వర్తింపజేస్తే ఎలా ఉంటుందో అని మాత్రం అనుకున్నాను. వీళ్ళలో ఎవరినీ దుర్మార్గులనడం నా ఉద్దేశం కాదు. ఒక చోట ఉక్కిరిబిక్కిరి అయినవాడు ఇంకో చోట అవకాశం దొరికితే అదే పని చేస్తాడు. అందుకే మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అనే చర్చ దండగ.

పోనీ రూలు అమలు చేస్తే?

చెయ్యలేరు. చెయ్యకూడదని కూడా నాకనిపిస్తుంది. 30 శాతం దాటిన యాప్ కొత్త కస్టమర్లని చేర్చుకోవడం ఆపేయాలన్నది ఆ రూలు అమలయ్యే పద్ధతి. కొత్త కస్టమర్ ఎవరు? నేను కాదు, మీరు కాదు. మనం ఎప్పుడో చేరిపోయాం. ఈ ఏడాది మొదటిసారి స్మార్ట్‌ఫోన్ కొన్న ఉపాధి కూలీ, ఇప్పుడే బ్యాంకు ఖాతా తెరిచిన ఇంటర్ పిల్ల. ఊళ్ళో అందరూ వాడే యాప్ పెట్టుకోబోతే "కోటా అయిపోయింది" అని వాళ్ళకి చెప్పాలి. పెద్ద కంపెనీ మీద కోపం తీసుకెళ్ళి వాళ్ళ మీద చూపించినట్టవుతుంది.

అలాగని వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2020 మార్చి 5 రాత్రి యెస్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు మారటోరియం, అంటే లావాదేవీల మీద ఆంక్షలు, పెట్టింది. ఫోన్‌పే అప్పట్లో పూర్తిగా ఆ ఒక్క బ్యాంకు మీదే ఆధారపడి ఉండేది. తెల్లారేసరికి యాప్ పడిపోయింది. హడావుడిగా ఇంకో బ్యాంకుకి మారి మళ్ళీ నిలబడ్డారు. అప్పటి యూపీఐ ఇప్పటిదానిలో పదో వంతు కూడా లేదు. ఆ తరవాత వాళ్ళు జాగ్రత్తపడి ఎక్కువ బ్యాంకులతో కలిశారు, నిజమే. కానీ సగానికి దగ్గరగా ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు ఆ ఒక్కడు ఎంత జాగ్రత్తపరుడన్నది ఊరందరి టెన్షన్ అవుతుంది.

2024లో ఇంకోటి తెలిసింది. ఆ జనవరి ఆఖర్న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. ఆ చర్య తప్పో ఒప్పో పక్కన పెడితే, మూడో స్థానంలో ఉన్న పేటీఎం వాటా బాగా పడిపోయింది. అక్కణ్ణుంచి పోయినవాళ్ళు భీమ్‌కి పోలేదు, బ్యాంకు యాప్‌లకి పోలేదు. ఎక్కువమంది పోయింది మొదటి రెండిటికే. మూడోవాణ్ణి శిక్షిస్తే బలపడింది మొదటి ఇద్దరు. ఇక ఆ డిసెంబర్‌లో ఎన్‌పీసీఐ రూలుని ఎలా అమలు చేస్తుంది? నేను ఆ కుర్చీలో ఉన్నా పొడిగించేవాణ్ణే. నెలకి 200 కోట్ల లావాదేవీలప్పుడు కష్టమైన పని 2,000 కోట్లప్పుడు అసాధ్యమైంది. ప్రతి పొడిగింపూ తరవాతి పొడిగింపుని తప్పనిసరి చేసింది.

కోటా మనుషుల మీద కాకుండా

నాకు తోచిన దారి ఒకటుంది. ఇలాంటివి తోచడం తేలిక, తెలుసు. అయినా చెబుతాను.

పెద్ద దుకాణాల మీద, అంటే సూపర్ మార్కెట్లు, విమాన టిక్కెట్ల కంపెనీలు, ఈ-కామర్స్ వాళ్ళ మీద, కొద్దిపాటి ఎండీఆర్ వేయనివ్వాలి. పేమెంట్ కంపెనీల సంఘం 0.3 శాతం అడిగింది. వీళ్ళు కార్డుల మీద అంతకంటే ఎక్కువే కడుతున్నారు. టిఫిన్ సెంటర్‌కీ, కిరాణాకీ సున్నా సున్నాగానే ఉండాలి. ఇంతవరకూ కొత్తేమీ కాదు. దీనికి వచ్చే అభ్యంతరం కూడా తెలిసిందే: ఎనభై శాతం లావాదేవీలు చేసే ఇద్దరికే ఆ డబ్బులో ఎనభై శాతం పోతుంది. ఇప్పటికే బలిసినవాళ్ళకి మళ్ళీ మేత వేసినట్టే. నిజం, ఉత్త ఎండీఆర్ వేస్తే జరిగేది అదే.

అందుకని 30 శాతం రూలుని అక్కడికి తీసుకురావాలంటాను. ఎవరు ఎంతమందినైనా చేర్చుకోవచ్చు. ఎన్ని లావాదేవీలైనా చేసుకోవచ్చు. కాకపోతే 30 శాతానికి పైన చేసినవాటి మీద యాప్‌కి వాటా రాదు. 45 శాతం ఉన్న యాప్‌కి 30 శాతం దాకా కమీషన్ వస్తుంది, పైన 15 శాతం ఇవాళ చేస్తున్నట్టే ఉచితంగా చేయాలి. మిగిలిన ఆ డబ్బు 5 శాతం లోపు ఉన్న యాప్‌లకి కాస్త ఎక్కువ రేటుతో పంచొచ్చు. పెద్దవాళ్ళకి ఇవాళ వచ్చేదానికంటే తగ్గేదేమీ లేదు కాబట్టి అన్యాయం అనడానికి వీల్లేదు. కొత్త కస్టమర్‌ని తలుపు దగ్గర ఆపక్కర్లేదు. రెండేళ్ళకోసారి గడువులూ అక్కర్లేదు. మా పిన్ని కొడుకు పనిచేసినలాంటి కంపెనీకి "ఏం అమ్ముతారు?" అన్న ప్రశ్నకి "ఇదే అమ్ముతాం" అని చెప్పే వీలుంటుంది.

నా అనుమానాలు నాకున్నాయి. పెద్ద దుకాణం ఆ 0.3 శాతాన్ని ధరలో కలిపి మన నెత్తినే వేస్తుందేమో. కొంత వేస్తుంది. ఇప్పుడు అది పన్నుల డబ్బులోంచి ప్రోత్సాహకం రూపంలో పోతోంది, అప్పు బటన్ రూపంలో మా నాన్నగారి తెర మీదకి వస్తోంది. ఎలాగూ కడుతున్నప్పుడు కనిపించేలా కట్టడం నయం అనుకుంటాను. రెండోది, యూపీఐ అంటే చార్జీ అన్న మాట ఒక్కసారి బయటికి పొక్కితే చిన్న దుకాణాలు బెదిరిపోవచ్చు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకి జీఎస్‌టీ నోటీసులు వెళ్తే, "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని కాగితాలు అంటించేశారు. అక్కడ కారణం వేరు, భయం మాత్రం ఇలాంటిదే. ఏ ప్రభుత్వమూ దీని జోలికి తొందరగా రాకపోవడం నాకు అర్థమవుతుంది.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. ఇన్ని చేసినా దోశలాయన పెట్టె మార్చకపోవచ్చు. అతనికి కావలసింది పోటీ కాదు, గ్రైండర్ లోను. ఇంకో నాలుగు యాప్‌లు బతికి బట్టకట్టినంత మాత్రాన అతని రాబడి లెక్కలు అతని చేతికి రావు. ఆ లెక్కలు తీసుకుని ఏ బ్యాంకుకైనా వెళ్ళి "నా గిరాకీ ఇదీ, ఎంతకిస్తారు?" అని అడిగే ఏర్పాటు లేనిదే ఎండీఆర్ సగం మందే. అకౌంట్ అగ్రిగేటర్ అని ఒక వ్యవస్థ దాదాపు ఇలాంటి పనికే పెట్టారు. టిఫిన్ సెంటర్ దాకా ఇంకా రాలేదు. వచ్చినా దాని పేరు అతనికి ఎవరు చెబుతారో నాకు తెలియదు. బైకు మీద వచ్చిన కుర్రాడు మాత్రం చెప్పడు.

చివరిగా ఒక చిక్కు. నేను చెప్పిన లెక్కకైనా, ఇప్పుడున్న 30 శాతం రూలుకైనా, ముందు తేల్చాల్సింది దేన్ని లెక్కపెడుతున్నామన్నది. యాప్‌నా, యజమానినా? ఫోన్‌పే, ఫ్లిప్‌కార్ట్ 2022 ఆఖర్న విడిపోయాయి గానీ రెండిట్లోనూ పెద్ద వాటా వాల్‌మార్ట్‌దే. అంటే ఒకే ఇంటి నుంచి ఫోన్‌పే, సూపర్ డాట్ మనీ రెండూ వస్తున్నాయి. గట్టి రూలు వస్తే 45ని 30గా, 15గా విడగొట్టి రెండు పేర్లతో నడపడం పెద్ద కష్టం కాదు. ఎన్‌పీసీఐ ప్రతి నెలా తన వెబ్‌సైట్లో ఏ యాప్ ఎన్ని లావాదేవీలు చేసిందో పట్టిక పెడుతుంది. నేను అప్పుడప్పుడూ చూస్తుంటాను. అందులో యాప్ పేరు ఉంటుంది, సంఖ్య ఉంటుంది, విలువ ఉంటుంది. ఎవరి సొంతమో చెప్పే కాలమ్ లేదు. అది చేర్చడానికి ఎవరికీ రెండేళ్ళ గడువు ఇవ్వక్కర్లేదు.